శాస్త్రవిద్యా ద్వారమున నేతవాడ బిడ్డలు

(సూరత్ నగరమున కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘపు వార్షిక సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



సూరత్ నగరమున లింబాయత్, ఉధనా, డిండోలీ వాడలలో ప్రతిదినము ఉదయము రెండు ప్రవాహములు ఎదురెదురుగా నడచును. పన్నెండు గంటల రాత్రి పాళీ ముగించి, చెవులలో సాంచల హోరు ఇంకను మ్రోగుచుండగా ఇండ్లకు మరలు తండ్రులది ఒక ప్రవాహము. పుస్తకముల సంచులు భుజమునకు తగిలించుకొని బడికి పోవు పిల్లలది రెండవ ప్రవాహము. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట రెండవ ప్రవాహములోని పిల్లలు అనేకులు మొదటి ప్రవాహమున కలిసిపోవుదురు. బడికి పోయిన బాలుడే సాంచకు పోవును.

అదే నగరమున ఇచ్ఛానాథ్ చెంత 1961లో స్థాపింపబడిన సర్దార్ వల్లభ్‌భాయ్ సాంకేతిక విద్యాలయము నేడు జాతీయ సాంకేతిక సంస్థయై వెలయుచున్నది. సుమారు ఎనుబది కిలోమీటర్ల దూరమున కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రము కలదు. అచ్చటి మూడవ, నాలుగవ యూనిట్లు ఒక్కొక్కటి 700 మెగావాట్ల శక్తి గలవి. మూడవది 2023లోను, నాలుగవది 2024లోను వాణిజ్య సరళిలో విద్యుత్తు నీయ నారంభించినవి. హజీరాలో సముద్రగర్భమునుండి వచ్చు సహజవాయువును శుద్ధిచేయు గొప్ప కర్మాగారము కలదు. ఇట్టి చోట్ల ప్రయోగశాలలలోను, యంత్రాగారములలోను పనిచేయు తెలుగువారిలో స్వరాష్ట్రమున చదివి, పోటీపరీక్షలలో నెగ్గి, బదిలీపై వచ్చినవారు కలరు. లింబాయత్ బడిలో అక్షరములు దిద్ది అచ్చటికి చేరినవారెందరు? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగ విషయము.

శాస్త్రరంగమున కొన్ని సమూహములవారు తమ జనసంఖ్యకు తగినంతగా లేరనుట లోకమంతట నున్న మాట. అమెరికాలో నల్లజాతీయుల విషయమునను, భారతదేశమున దళితుల, ఆదివాసుల, స్త్రీల విషయమునను ఈ మాట చిరకాలముగా వినబడుచున్నది. సూరత్ నేతవాడలోని తెలుగు బిడ్డ ఒకే కాలమున పెక్కు విధముల అల్పసంఖ్యాకుడు. భాషచే అల్పసంఖ్యాకుడు. వలసచే అల్పసంఖ్యాకుడు. తరచు వెనుకబడిన కులమున గాని, షెడ్యూల్డు కులమున గాని పుట్టినవాడు. ఆడుబిడ్డయైనచో మరియొక మెట్టు క్రిందనున్నది. ఈ నాలుగు ముళ్లును ఒకే దారమున పడినవి.

తెలంగాణమునుండి, విశేషించి కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతములనుండి, నేతవారు సూరత్‌నకు వలసవచ్చిరి. ఊరిలో చేతిమగ్గమునకు పని తగ్గినది. వానలు కురియని యేట సేద్యమును అక్కరకు రాలేదు. సూరత్‌లో కృత్రిమ పట్టునూలు వచ్చినది, మరమగ్గములు పెరిగినవి. వచ్చినవారు వాడలు కట్టుకొనిరి, మార్కండేయ మహర్షికి గుడులు కట్టిరి, బతుకమ్మ పండుగను నిలుపుకొనిరి. సూరత్ నగరపాలక సంస్థవారు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడపుట గమనింపదగిన విషయము. ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలుగజేయుటకు ప్రతి రాష్ట్రమును పాటుపడవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. పరరాష్ట్రపు నగరమున ఆ మాట మన్నింపబడుట మెచ్చుకొనదగినది.

ఇక, ఈ బిడ్డలకు శాస్త్రమనునది అపరిచితమా? సాంచ ప్రక్కన పెరిగిన బిడ్డకు ప్రయోగశాల ఇంటిలోనే యున్నది. నాడె నిమిషమునకు 150 మారులు దాటినచో, అంగుళమునకు 50 పేక పోగులు పడు గుడ్డ నిమిషమునకు మూడంగుళములు నేయబడును. గంటకు 180 అంగుళములు, అనగా అయిదు గజములు. ఈ లెక్కను నేతవాడలోని తల్లి కాగితము లేకయే చెప్పును. తొమ్మిదివేల మీటర్ల నూలు 75 గ్రాములు తూగినచో అది 75 డెనియర్ల నూలు. సన్నదనమును కొలుచుటకు పొడవును, బరువును జోడించిన ఈ కొలమానము భౌతికశాస్త్రపు తొలిపాఠమే. నీటిధారతో పేకను తోయు వాటర్‌జెట్ మగ్గమున ద్రవముల పీడనము కలదు. అద్దకపు పనియందు ఆమ్లక్షార విచారము కలదు.

జకార్డు మగ్గము సంగతి మరియు వింతైనది. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున జోసెఫ్ మేరీ జకార్డు ఈ యంత్రమును రూపొందించెను. అట్టకు రంధ్రమున్నచోట పడుగు పోగు లేచును. రంధ్రము లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అను ఈ రెండు మాటలతోనే పూవును, నెమలిని, కోనేటిని గుడ్డపై వ్రాయవచ్చును. ఇంగ్లండున చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రమును ఊహించునపుడు ఈ అట్టలనే ఆదర్శముగా గొనెను. హెర్మన్ హోలరిత్ 1890లో అమెరికా జనాభా లెక్కలకు రంధ్రముల కార్డులను వాడెను. నేటి కంప్యూటరు మాటాడు ఒకటి, సున్న అను భాషకు నేతవాడ చుట్టరికము ఇట్టిది. ఆ అట్టల నడుమ ఆడుకొనిన పిల్లవానికి తొమ్మిదవ తరగతిలో కంప్యూటరు పాఠము క్రొత్తదిగా, బెదరుగా తోచుచున్నదనిన, లోపము పిల్లవానిలో లేదు. అతని ఇంటి విద్యకును బడి విద్యకును నడుమ వంతెన వేయకపోవుటలో నున్నది.

ఆ వంతెన వేసికొనిన వ్యక్తి ఒకరు తెలంగాణమున కలరు. నల్లగొండ ప్రాంతమున ఆలేరు చెంత శారాజీపేట గ్రామమునకు చెందిన చింతకింది మల్లేశము గారు నేతకుటుంబమున పుట్టి, పేదరికముచే బడిచదువు మధ్యలోనే మానిరి. పోచంపల్లి చీర నేయుటకు ముందు ఆసు పోయుట యను పని కలదు. కొయ్యలచుట్టు నూలును త్రిప్పుటకై ఒక చీరకు చేయి సుమారు 9,000 మారులు అటునిటు ఆడవలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసిన తల్లి లక్ష్మి గారి భుజము నొప్పిని చూచి, కుమారుడు యంత్రము చేయ బూనెను. ఏండ్లతరబడి అప్పులు, అపహాస్యములు, విఫలయత్నములు గడచిన పిమ్మట 1999లో ఆసుయంత్రము పూర్తియైనది. దానికి తల్లిపేరే పెట్టబడినది. గుజరాత్‌లోని గాంధీనగర్ కేంద్రముగా పనిచేయు జాతీయ నవకల్పనా సంస్థ ఆయనకు తోడ్పడెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను.

ఈ కథ విని అందరును సంతోషింతురు. కాని సంతోషముతో ఆగుట చాలదు. ఆ యువకుడు పదవ తరగతి, పండ్రెండవ తరగతి, ఇంజనీరింగు చదివియుండినచో ఆయనకు పట్టిన ఆ యేండ్లు ఎంత తగ్గియుండెడివి? ఒక్కరు బడి లేకయే గెలిచిరనుట, మిగిలినవారికి బడి అక్కరలేదనుటకు సాక్ష్యము కాదు. ఎందరు మిగిలిపోయిరో తలచుకొనుటకు హేతువు.

బిడ్డ ఎచ్చట జారిపోవుచున్నాడో నిదానించి చూడవలెను. పరీక్షామందిరమున కాదు; ఎంపికసంఘము ముందును కాదు. అతడు అచ్చటికి రానే లేదు. అతడు పదునాలుగవ యేట జారిపోవుచున్నాడు. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవరకే ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నిచ్చినది. బాలకార్మిక చట్టము, 2016 సవరణ పిమ్మటను, పదునాలుగేండ్లు నిండినవారిని ప్రమాదకరములైన పనులలో మాత్రమే నిషేధించుచున్నది. బడి చేయి విడుచు వయస్సును, పని చేయి పట్టు వయస్సును ఒక్కటే. గుజరాత్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదవ తరగతితో ముగియును. తెలుగు బడిలో చదివిన బిడ్డలలో చాలామందికి ఆ తరువాత మాధ్యమము మారును. వయస్సు, చట్టము, భాష మూడును ఒకే గడపకడ కలియుచున్నవి. మీటరు లెక్కన కూలి తెచ్చుకొను తండ్రికి ఆ గడపకడ ఒక ప్రశ్న ఎదురగును. ఇంకొక నాలుగేండ్లు చదివించుటయా, లేక సాంచల నడుమ నిలుపుటయా? ఆ సమయమున ఇంటికి వచ్చి మాటాడువాడు సాంచల యజమాని, ఉద్యోగస్థుడు కాడు.

భాష మారుటవలని నష్టమును ఒక్క ఉదాహరణముచే తెలియవచ్చును. ఆకు సూర్యకాంతిచే ఆహారము తయారుచేయుటను తెలుగు పాఠ్యపుస్తకము కిరణజన్య సంయోగక్రియ అనును. గుజరాతీ పుస్తకము ప్రకాశసంశ్లేషణము అనును. ఆంగ్ల పుస్తకము ఫోటోసింథసిస్ అనును. ఎనిమిదవ తరగతిలో తెలిసిన సంగతియే తొమ్మిదవ తరగతిలో తెలియనిదగును. పోయినది జ్ఞానము కాదు, దాని పేరు మాత్రమే. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినపుడు బిడ్డ మౌనముగా నిలుచును. మౌనమును మాంద్యమని లోకము తలచును. కొన్ని మాసములలో బిడ్డయును అట్లే తలచుకొనును.

పైపరీక్షలయందును ఈ చిక్కు కలదు. గుజరాత్ ప్రభుత్వపు ప్రవేశపరీక్ష గుజరాతీ, హిందీ, ఆంగ్లములలో జరుగును. జాతీయస్థాయి జేఈఈ మెయిన్ పరీక్ష 2021నుండి పదమూడు భాషలలో జరుగుచున్నది. అందు తెలుగును కలదు. కాని తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని కేంద్రములందే లభించును. ఒక సమూహమునకు ద్వారము తెరచునపుడు, ఆ సమూహము నిజముగా ఎచ్చట నివసించుచున్నదో విచారింపనిచో ఫలితమిట్లుండును. తెలుగు పత్రము కలదు. సూరత్ తెలుగు బాలునికి లేదు.

జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పరీక్ష చరిత్రయును ఇట్టిదే. 1963లో ఢిల్లీలో ప్రారంభమై, మరుసటి యేట దేశమంతట వ్యాపించిన ఆ పథకము ఉదాత్తమైనది. కాని ఆదిలో పరీక్ష ఆంగ్లమున జరిగెడిది. విద్యార్థి స్వయముగా చేసిన పరిశోధనకు నివేదికను సమర్పింపవలసియుండెడిది. ఆంగ్లమును, ప్రయోగశాలయు గల బడులవారికే అది అందినదనుటలో ఆశ్చర్యము లేదు. ప్రతిభను వెదకువారు దీపమున్నచోటనే వెదకినచో, చీకటిలో పడిన నాణెము దొరకదు.

కులధ్రువపత్రము మరియొక చిక్కు. కేంద్ర ఉద్యోగుల కుటుంబములకే సంబంధించిన కథ ఒకటి ఇచ్చట స్మరింపదగినది. తెనాలిలో పుట్టిన ఒక బాలుడు, తండ్రికి కేంద్ర ప్రభుత్వరంగ ఎరువుల సంస్థయందు ఉద్యోగము వచ్చుటచే, చిన్నతనముననే బొంబాయికి పోయి అచ్చటనే చదివెను. వైద్యవిద్యాలయ ప్రవేశమునకు షెడ్యూల్డు తెగలవారి స్థానము కోరగా, ఆ తెగకు గుర్తింపు ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే కలదని నిరాకరించిరి. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, ఒక రాష్ట్రమున పొందిన ఆ గుర్తింపు మరియొక రాష్ట్రమునకు వెంట రాదని తీర్పుచెప్పెను. స్వరాష్ట్రమునను అట్టి బిడ్డకు చోటు సులభము కాదు. 1974నాటి రాష్ట్రపతి ఉత్తరువు సాధారణముగా నాలుగేండ్లు వరుసగా అచ్చట చదివినవారినే స్థానికులుగా గుర్తించినది. ఊరు విడిచినవాడు ఊరివాడు కాడు. ఊరు చేరినవాడు ఊరివాడు కాలేదు.

అయినను ఇందొక తెరపి కలదు. దానిని ప్రతి తెలుగు కుటుంబమును ఎరిగియుండుట మేలు. కేంద్ర విద్యాసంస్థలలోను, కేంద్ర ఉద్యోగములలోను స్వరాష్ట్రపు ధ్రువపత్రమే చెల్లును. షెడ్యూల్డు కులమువారికిని, తెగవారికిని, కేంద్ర జాబితాలోని వెనుకబడిన తరగతులవారికిని ఇది వర్తించును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పద్మశాలీలు ఆ కేంద్ర జాబితాలో కలరు. మరియు జాతీయ సాంకేతిక సంస్థలలో విద్యార్థి పండ్రెండవ తరగతి ఏ రాష్ట్రమున ఉత్తీర్ణుడయ్యెనో ఆ రాష్ట్రమువాడుగానే లెక్కింపబడును; ప్రతి సంస్థయును సగము స్థానములను తన రాష్ట్రమువారికి ఇచ్చును. కావున సూరత్‌లో పండ్రెండవ తరగతి ముగించిన నేతవాడ బిడ్డకు ఇచ్ఛానాథ్‌లోని జాతీయ సంస్థ స్వగృహమే. అతని తండ్రి నేసిన గుడ్డ దేశదేశములకు పోవుచుండగా, తన ఊరిలోని ఈ ద్వారము తనదని అతనికి చెప్పినవారెవరు?

చెప్పువాడొకడున్నచో ఏమగునో శాస్త్రచరిత్ర తెలుపుచున్నది. మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడు. పదునాలుగవ యేటనే పుస్తకముల బైండింగు పనికి కుదిరెను. 1812లో ఆ దుకాణమునకు వచ్చు విలియం డాన్స్ అను పెద్దమనిషి, హంఫ్రీ డేవీ గారి ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చెను. ఫారడే ఆ ఉపన్యాసములను వ్రాసికొని, తన చేతితో బైండుచేసి, డేవీకి పంపెను. మరుసటి యేట రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చిన్న ఉద్యోగము లభించినది. నేడు విద్యుదుత్పత్తి కేంద్రములలో తిరుగు జనరేటర్లన్నిటికి మూలసూత్రము ఆయన కనుగొనినదే.

మేఘనాథ్ సాహా 1893లో ఢాకా చెంత ఒక పల్లెలో చిల్లరకొట్టు వ్యాపారి ఇంట పుట్టెను. తండ్రి అతనిని కొట్టులో కూర్చుండబెట్టదలచెను. మాధ్యమిక పాఠశాల ఏడు మైళ్ల దూరమున నుండెను. ఆ యూరి వైద్యుడు అనంతకుమార్ దాస్ తన ఇంట అన్నమును, వసతిని ఇచ్చెను. తరువాత కలకత్తా వసతిగృహమున కులమునుబట్టి అవమానములు కలిగినను సాహా వెనుదీయలేదు. 1920లో ఆయన ప్రకటించిన అయనీకరణ సమీకరణము నక్షత్రముల వెలుగును చదువుటకు అక్షరమాల యైనది. ఆ సమీకరణము వెనుక ఒక వైద్యుని వంటయింటి అన్నము కలదు.

తెలుగునాట యల్లాప్రగడ సుబ్బారావు గారి చరిత్ర ఇంకను దగ్గరిది. 1895లో భీమవరమున పుట్టిన ఆయన అమెరికాకు పయనమగుటకు మామగారితోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఇచ్చినది. ఆ సత్యలింగము గారు బర్మాకు వలసపోయి, అచ్చట వ్యాపారమున ధనమార్జించిన తెలుగువారు. బోస్టన్‌లో సుబ్బారావు గారు ఆస్పత్రిలో రాత్రిపూట సేవకపు పనిచేసి చదివిరి. కండరములలోని శక్తికి మూలమైన ఏటీపీయును, ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణమును, బోదకాలు వ్యాధికి ఔషధమును వారి పరిశోధనలనుండి లోకమునకు అందినవి. రంగూనులో ఒక వలస తెలుగువాడు కూడబెట్టిన రూపాయి లోకమునకు మందైనది. సూరత్ తెలుగువారును వలసవచ్చినవారే.

సమూహముగా చేసిన యత్నములును కలవు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున స్థాపింపబడిన గురుకుల విద్యాలయము గ్రామీణ బాలురను ఏరి, ఇంట దొరకని అన్నమును, పుస్తకమును, ఉపాధ్యాయుని ఒక్కచోట నిచ్చినది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి ముగించిన బిడ్డలను ఆరేండ్ల విద్యకు తీసికొనెను. వసతిలేని ప్రభుత్వ పాఠశాలలో చదివినవారి మార్కుల సగటునకు 0.4 కలుపవలెనను నియమము చేసెను. ఒకే సగటు వచ్చిన ఇరువురిలో ప్రయోగశాల లేని బడినుండి వచ్చినవాడు మరికొంత దూరము నడచివచ్చెనని ఆ నియమము ఒప్పుకొనినది. అది దానము కాదు, సరియైన తూకము.

ఇట్టి ఏర్పాట్లవలన యోగ్యత తగ్గునని కొందరు శంకింతురు. ఆ శంకను తృణీకరింపరాదు. అణుకేంద్రమునకును, ఆస్పత్రికిని యోగ్యులే కావలెను. కాని యోగ్యతను పరీక్షించుట వేరు, యోగ్యుడు పరీక్షవరకు వచ్చునట్లు చూచుట వేరు. నూలు చిక్కుపడినదని నేతగాడు దానిని పారవేయడు. కొస దొరకువరకు ఓపికతో విప్పును. తరువాత ఆ నూలు బలమును మగ్గమే పరీక్షించును. అంతిమ పరీక్షను సడలింపుమని ఎవరును కోరుట లేదు. కొస వెదకు ఓపిక చాలును.

ఆడుబిడ్డల విషయమున ఈ ఓపిక మరింత అవసరము. 1933లో కమలా సొహోనీ గారికి, నాడు కమలా భాగవత్, ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైనను, స్త్రీయను కారణమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయందు ప్రవేశము నిరాకరింపబడెను. పట్టుపట్టి నిలువగా షరతులపై చేర్చుకొనిరి. ఆమె పనిని చూచిన పిమ్మట ఆ సంస్థ ఇతర స్త్రీలకును తలుపు తెరచినది. 1939లో కేంబ్రిడ్జిలో ఆమె డాక్టరేటు పొందెను. నేతవాడలో కండెలు చుట్టుట, చీరలకు చమ్కీలు కుట్టుట ఇంటిలోనే జరుగును గనుక ఆడుబిడ్డ చదువు ఎవరికిని కనబడకయే ఆగిపోవును. బాలుడు సాంచకు పోయినచో వాడకు తెలియును. బాలిక ఇంట నిలిచినచో లెక్కకే రాదు.

దక్షిణ గుజరాత్‌లోని ఆదివాసులకును ఈ మాటలన్నియు వర్తించును. కాక్రాపార్ చుట్టును చౌధరీ, గామిత్, వసావా తెగలవారి పల్లెలు కలవు. ఆ ప్రాంతమున కొంతభాగము పూర్వము బరోడా సంస్థానమునకు చెందినది. మహారాజా శాయాజీరావు 1906లో సంస్థానమంతట ప్రాథమిక విద్యను నిర్బంధముచేసెను. 1913లో అంబేద్కర్ గారిని అమెరికాకు పంపినదియు ఆయన విద్యార్థివేతనమే. తెలుగు సంఘము తనవారికై చేయు పని తెలుగువారితోనే ఆగవలసిన పని లేదు.

ఇక చేయవలసినదేమి? కేంద్ర ఉద్యోగుల చేతిలో ధనము కొంచెమే యైనను, వారికి ద్వారములు తెలియును. దరఖాస్తు ఎట్లు నింపవలెనో, ఏ పత్రము ఏ కార్యాలయమున దొరకునో, గడువు ఎప్పుడో వారికి కరతలామలకము. నేతవాడకు కొరతయైనది సరిగా ఇదియే.

మొదటిది. ఆరవ తరగతినుండి బిడ్డల ఊహలను అడుగు ఇన్‌స్పైర్ మానక్ పథకము కలదు. ఎంపికైన ఊహకు 10,000 రూపాయలు లభించును. దానిని నడపుటలో తోడ్పడునది మల్లేశము గారికి చేయూతనిచ్చిన జాతీయ నవకల్పనా సంస్థయే. సాంచ హోరును తగ్గించుట, తెగిన పోగును పసిగట్టుట, గాలిలోని నూలుధూళిని పట్టుట వంటి ఊహలు ఈ వాడల బిడ్డలకు గాక ఎవరికి తట్టును? వానిని కాగితముపై పెట్టించుటకు ఒక పెద్దచేయి కావలెను.

రెండవది. ఎనిమిదవ తరగతినుండి తొమ్మిదవ తరగతికి దాటు బిడ్డకు తెలుగు, గుజరాతీ, ఆంగ్లములలో శాస్త్రపదముల చిన్నపుస్తకము. అయిదువందల మాటలు చాలును. సంఘ సభ్యులలో ఇంజనీర్లు, రసాయనజ్ఞులు కలరు. వారి గృహిణులలో ఉపాధ్యాయినులు కలరు. ఒక వేసవిలో ముగియు పని.

మూడవది. ధ్రువపత్రములు. నేతకుటుంబములు దసరాకో, పెండ్లికో ఊరు పోవుదురు. ఆ ప్రయాణముననే మండల కార్యాలయమున కేంద్ర నమూనాలో కులధ్రువపత్రమును తెచ్చుకొనవలెనని పండుగకు ముందే వాడలో చెప్పవలెను. వెనుకబడిన తరగతులవారి ఆదాయ పరిమితి 2017లో ఏటికి 8 లక్షల రూపాయలకు పెంచబడినది. సాంచల మధ్య కూలిచేయు కుటుంబము ఆ పరిమితికి ఎంతో దిగువననే యుండును. ఈ ఒక్క కాగితము లేక స్థానము కోల్పోవుట మిక్కిలి విచారకరము.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. పదునాలుగవ యేట తండ్రి ఆలోచించు ఆ సాయంకాలమున ఇంటికి పోవుట. బిడ్డ నిజముగా సంపాదించు మార్గములను రూపాయలలో చెప్పుట. 2008లో ప్రారంభమైన ఇన్‌స్పైర్ విద్యార్థివేతనము, బోర్డు పరీక్షలో అగ్రశ్రేణిలో నిలిచి శుద్ధశాస్త్రములు చదువువారికి ఏటికి 80,000 రూపాయలు ఇచ్చుచున్నది. డిప్లొమా గాని, బీఎస్సీ గాని చదివినవారిని అణుశక్తి సంస్థలు వేతనముతో శిక్షణకు తీసికొని సైంటిఫిక్ అసిస్టెంట్లుగా నియమించును. శాస్త్రజీవనమనగా డాక్టరేటు మాత్రమే కాదు. దానికి మెట్లు పెక్కు కలవు. మీటరు లెక్కన బ్రతుకు తండ్రికి ఈ లెక్క అర్థము కాదనుకొనుట పొరపాటు. లెక్క ఆయనకు బాగుగా వచ్చును. చెప్పువాడే లేడు.

ఈ సభలోని ప్రతి కుటుంబమును ఒక్క బిడ్డను, తొమ్మిదవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు, తన ఎరుకలో నుంచుకొనవచ్చును. మాసమునకు ఒకమారు పలుకరింపు, పరీక్షకు ముందు నిశ్శబ్దముగా చదువుకొనుటకు ఒక గది, సంవత్సరమునకు ఒకసారి ప్రయోగశాలనో, యంత్రాగారమునో చూపుట. డాన్స్ గారు ఇచ్చినది టిక్కెట్లు మాత్రమే. అనంతకుమార్ దాస్ గారు పెట్టినది అన్నము మాత్రమే. అంతకుమించిన త్యాగమును ఇచ్చట ఎవరును అడుగుట లేదు.

నోటీసుబోర్డుపై ప్రకటన అంటించి, ఎవరును రాలేదని విచారించుట చేర్చుకొనుట కాదు. వాడకు నడచిపోవుటయే చేర్చుకొనుట. లింబాయత్‌లో రేపు ఉదయమును రెండు ప్రవాహములు ఎదురగును. అందు ఒక బిడ్డ పేరైనను ఈ సంఘమునకు తెలిసియుండవలెను.